పెద్ద పిల్లలకు చదవడం నేర్పడం: పరిశోధనలను జల్లెడ పట్టే నిపుణుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్ టీచర్ల నుంచి, అమెరికాలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పదకొండేళ్లు దాటిన పిల్లలకు చదవడం ఎలా నేర్పాలో పరిశోధనలు ఏం చెబుతున్నాయి, ఆ పరిశోధనలు తూచేవాళ్లు ఎవరు, వాళ్ల మాట ఎంతవరకు నమ్మాలి అని అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకచోట ఉంటే మేలని ఈ పేజీ రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## మొదట వచ్చే సందేహాలు

మావాడు ఎనిమిదో క్లాసుకొచ్చాడు, ఇంకా తడుముకుంటూనే చదువుతాడు. ఇప్పుడు నేర్పితే వస్తుందా?

వస్తుంది. ఈ మాట ధైర్యం చెప్పడానికి అనడం లేదు. నాలుగు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదవడంలో వెనకబడిన పిల్లలకు ఏం చేస్తే ఫలితం వస్తుందో తేల్చడానికి అమెరికా విద్యాశాఖ పరిశోధనా విభాగం ఒక నిపుణుల బృందాన్ని కూర్చోబెట్టింది. షారన్ వాన్ అధ్యక్షతన ఆ బృందం 2022లో నివేదిక ఇచ్చింది. అందులోని నాలుగు సిఫారసుల్లో మూడింటికి బలమైన సాక్ష్యం ఉందని తేల్చారు. అంటే ఈ వయసులో నేర్పితే లాభం ఉంటుందని గట్టి ప్రయోగాల్లోనే కనిపించింది.

కాకపోతే చిన్నప్పుడు పట్టేంత టైమ్‌లో అవ్వదు, ఓపిక కావాలి. "మొద్దు", "వీడికి చదువు అబ్బదు" అని ముద్ర వేస్తే మాత్రం ఉన్న కాస్త అవకాశాన్ని కూడా మనమే మూసేసినట్టు. ఇలాంటి పిల్లలు ఎక్కడో ఒకరు కాదు. ప్రథమ్ సంస్థ 2023లో చేసిన అసర్ సర్వే 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లలను చూసింది. వాళ్లలో దాదాపు 25 శాతం మంది సొంత ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని కూడా ధారాళంగా చదవలేకపోయారు. నలుగురిలో ఒకరు!

"పరిశోధనలను సమీక్షించే నిపుణులు" అంటే ఎవరు? వాళ్లు చేసే పనేంటి?

వాళ్లు కొత్తగా ప్రయోగం చేయరు. ఇతరులు చేసిన ప్రయోగాలన్నీ సేకరించి, ఏవి నమ్మదగ్గవో ఏవి కావో ముందే రాసిపెట్టుకున్న నియమాల ప్రకారం విడదీసి, మిగిలినవాటిని కలిపి చూసి ఏం తేలిందో చెబుతారు.

ఈ పనిలో బాగా పేరున్నది వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్. అమెరికా విద్యాశాఖ దీన్ని 2002లో మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ 2011 నుంచి ఇలాంటి పనే చేస్తోంది, పైగా సొంతంగా ప్రయోగాలకు డబ్బు కూడా ఇస్తుంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్లావిన్ నడిపిన బృందం హైస్కూల్ చదువు కార్యక్రమాల మీద వరుసగా సమీక్షలు రాసింది. 2019లో వచ్చిన వాళ్ల సమీక్షలో 69 అధ్యయనాలు జల్లెడలో నిలిచాయి.

వీళ్లంతా ప్రొఫెసర్లేనా? క్లాసులో పాఠం చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటారా?

ఎక్కువమంది విశ్వవిద్యాలయాల వాళ్లే. అయితే మార్గదర్శకాలు రాసే ప్యానెళ్లలో స్కూళ్లలో పనిచేసేవాళ్లను కూడా తీసుకుంటారు. కౌమార పిల్లల చదువు మీద 2008లో వచ్చిన మార్గదర్శక పుస్తకం రాసిన ఆరుగురిలో మైఖేల్ కామిల్ లాంటి పరిశోధకులతో పాటు బోస్టన్ ప్రభుత్వ పాఠశాలల నుంచి వచ్చిన క్యాథ్లీన్ క్రాల్ ఉన్నారు.

ఈ ప్రశ్న న్యాయమైనదే. 1997లో అమెరికన్ కాంగ్రెస్ కోరిక మీద ఏర్పడిన నేషనల్ రీడింగ్ ప్యానెల్‌లో 14 మంది సభ్యులుంటే, వాళ్లలో ఆరెగాన్‌కు చెందిన ప్రిన్సిపాల్ జోఆన్ యాట్విన్ తుది నివేదికతో ఏకీభవించలేదు. పరిశీలనకు తీసుకున్న అంశాలు చాలా ఇరుకుగా ఉన్నాయని తన అసమ్మతిని రాసిచ్చారు. అది నివేదికతో పాటే అచ్చయింది. అసమ్మతిని దాచకుండా అచ్చువేయడం నాకు నచ్చిన విషయం.

మన దేశంలో ఇలాంటి సమీక్షలు లేవా?

పేద, మధ్యాదాయ దేశాల కోసం గ్లోబల్ ఎడ్యుకేషన్ ఎవిడెన్స్ అడ్వయిజరీ ప్యానెల్ ఉంది. దాని సహాధ్యక్షుల్లో నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ ఒకరు. ప్రథమ్‌కు చెందిన రుక్మిణీ బెనర్జీ సభ్యురాలు. ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చే పద్ధతులేవో చెబుతూ 2020లో ఒకటి, 2023లో మరొకటి నివేదికలు ఇచ్చారు. పిల్లల స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పడం వాళ్ల జాబితాలో పైవరుసలో ఉంది. అయితే ఆ సాక్ష్యంలో ఎక్కువ భాగం ప్రాథమిక తరగతులది. హైస్కూల్ పిల్లలకు తెలుగు చదవడం ఎలా నేర్పాలన్న దాని మీద పెద్ద ప్రయోగాలు చాలా అరుదు. ఈ ఖాళీ పూడ్చాల్సిన బాధ్యత మన విశ్వవిద్యాలయాలది, ప్రభుత్వాలది.

## జల్లెడ ఎలా పడతారు?

ఏ అధ్యయనం నమ్మాలో, ఏది వద్దో ఎలా తేలుస్తారు?

మొదట చూసేది పోలిక. కొత్త పద్ధతిలో నేర్చుకున్న పిల్లల పక్కన, అలాంటి పిల్లలే పాత పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు ఉన్నారా? లేకపోతే ఆ అధ్యయనం అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో ఎలా నిర్ణయించారని చూస్తారు. లాటరీ తీసి పంచితే మంచిది. అప్పుడు రెండు గుంపుల మధ్య తెలివి, ఇంటి పరిస్థితి, శ్రద్ధ లాంటి తేడాలు సగటున సమానమవుతాయి. లాటరీ లేకపోతే మొదట్లో రెండు గుంపులూ ఒకే స్థాయిలో ఉన్నాయని చూపించాలి. క్లియరింగ్‌హౌస్ నియమాల్లో దీనికి గీత కూడా ఉంది. మొదటి పరీక్షలో తేడా ప్రామాణిక విచలనంలో (పిల్లల మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత; కింద వచ్చే లాభాల అంకెలన్నీ ఇదే కొలతలో) 0.25 దాటితే ఆ అధ్యయనాన్ని పక్కన పెట్టేస్తారు. 0.05 నుంచి 0.25 మధ్య ఉంటే లెక్కల్లో సర్దుబాటు చేసి తీరాలి.

మూడోది, మధ్యలో ఎంతమంది మానేశారు అన్నది. ఇది చాలామంది పట్టించుకోరు. వందమందితో మొదలుపెట్టి అరవైమందితో ముగిస్తే, ఆ నలభైమంది ఎవరు? కష్టంగా ఉండి మానేసినవాళ్లయితే మిగిలినవాళ్ల మార్కులు సహజంగానే బాగుంటాయి. లాటరీ తీసిన ప్రయోగం కూడా ఇక్కడ దెబ్బతినొచ్చు.

చివరగా పరీక్ష ఎవరు తయారు చేశారని చూస్తారు. నేర్పినవాళ్లే నేర్పిన పదాలతో పేపర్ సెట్ చేసుకుంటే మార్కులు ఉబ్బుతాయి. ఇలా పరిశోధకులే తయారు చేసుకున్న పరీక్షల్లో ఫలితం, స్వతంత్ర పరీక్షల్లో కంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుందని చ్యూంగ్, స్లావిన్ 2016లో చూపించారు.

మా స్కూల్లో ఒక పద్ధతి పెట్టాం, ఏడాదిలో పిల్లలు బాగా మెరుగయ్యారు. అది సాక్ష్యం కాదా?

మీ పిల్లలు మెరుగవడం నిజమే, సంతోషమే. కానీ అది ఆ పద్ధతి వల్లే అని చెప్పడానికి చాలదు. ఏడాది గడిస్తే ఏ పద్ధతీ లేకపోయినా పిల్లలు ఎంతో కొంత ఎదుగుతారు. పైగా ఒక పరీక్షలో అందరికంటే తక్కువ వచ్చినవాళ్లను ఏరి తీసుకుంటే, వాళ్లలో కొందరికి ఆ రోజు జ్వరమో, భయమో ఉండి ఉంటుంది. రెండోసారి పరీక్ష పెడితే వాళ్ల సగటు దానంతటదే కొంచెం పైకి వస్తుంది.

పక్క స్కూల్లో అలాంటి పిల్లలకే ముందూ వెనకా అదే పరీక్ష పెట్టి చూడండి. అప్పుడు మీ చేతిలో ఉన్నది మాట్లాడుకోదగ్గ విషయం అవుతుంది.

నేషనల్ రీడింగ్ ప్యానెల్ లక్ష అధ్యయనాలు చదివిందట, నిజమేనా?

కాదు. 1966 తర్వాత చదవడం మీద దాదాపు లక్ష అధ్యయనాలు అచ్చయ్యాయని ఆ ప్యానెల్ అంచనా వేసింది. జల్లెడ పట్టాక మిగిలినవి చాలా తక్కువ. అక్షరాలకూ ధ్వనులకూ సంబంధం నేర్పే ఫోనిక్స్ విశ్లేషణకు చివరికి నిలిచినవి 38. ప్యానెల్ పనిని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఆ లక్ష సంఖ్యనే పట్టుకుంటారు. అసలు బలం ఆ 38 ఎలా మిగిలాయన్న దాంట్లో ఉంది.

"బలమైన సాక్ష్యం", "ఓ మోస్తరు సాక్ష్యం", "కనీస సాక్ష్యం" అంటే తేడా ఏంటి?

బలమైన సాక్ష్యం అంటే గట్టి ప్రయోగాలు ఒకటికి మించి ఉన్నాయి, వేర్వేరు చోట్ల, వేర్వేరు పిల్లల్లో ఫలితం ఒకే దిశలో వచ్చింది అని. ఓ మోస్తరు అంటే ప్రయోగాలు ఉన్నాయి కానీ తక్కువ చోట్లనో, కొన్ని లోపాలతోనో ఉన్నాయి. కనీస సాక్ష్యం అంటే ఆ పద్ధతి పనికిరాదని అర్థం కాదు. దాన్ని ఎవరూ సరిగ్గా పరీక్షించలేదని అర్థం. నిపుణులు తమ అనుభవంతో మంచిదనుకుని చెబుతున్నారు, అంతే. ఈ మూడో మాటను "పనికిరాదు" అని చదివి మంచి పద్ధతులు మానేసిన టీచర్లు ఉన్నారు. అది బాధాకరం.

నిపుణులు ఇవాళ ఒకటి చెబుతారు, రేపు ఇంకోటి చెబుతారు. ఎలా నమ్మాలి?

సాక్ష్యం మారితే మాట మారాలి. 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్ చూసినప్పుడు, రెండు నుంచి ఆరో తరగతి వరకు వెనకబడ్డ పిల్లలకు ఫోనిక్స్ వల్ల వచ్చిన లాభం ప్రామాణిక విచలనంలో 0.15 మాత్రమే. దాన్ని సున్నా నుంచి గట్టిగా వేరు చేసి చెప్పలేకపోయారు. అప్పటికి ఆ వయసు పిల్లల మీద ఉన్న అధ్యయనాలు మరీ తక్కువ. 2022 నాటికి ప్రయోగాలు పెరిగాయి. పెద్ద పిల్లలకు పొడవైన పదాలను విడగొట్టి చదవడం నేర్పాలన్న సిఫారసు "బలమైన సాక్ష్యం" వరుసలోకి వచ్చింది. నేర్పే పద్ధతీ మారింది. ఒకటో తరగతి పాఠాన్నే మళ్లీ చెప్పకుండా, పాఠ్యపుస్తకాల్లో ఎదురయ్యే పెద్ద పదాల మీద దృష్టి పెట్టారు.

తగ్గిన సందర్భమూ ఉంది. వెనకబడిన 4 నుంచి 12 తరగతుల పిల్లలకు ఇచ్చిన ప్రత్యేక శిక్షణ మీద స్కమ్మాకా బృందం 2007లో చేసిన లెక్కలో సగటు లాభం 0.95. అదే బృందం 2015లో కొత్త అధ్యయనాలు కలిపి చూస్తే 0.49కి పడిపోయింది. ప్రామాణిక పరీక్షలు మాత్రమే తీసుకుంటే 0.42 నుంచి 0.21కి వచ్చింది. ప్రయోగాలు కట్టుదిట్టమవడం, మామూలు క్లాసుల్లో బోధన కూడా మెరుగుపడటం ఇందుకు కొంతవరకు కారణాలని వాళ్లే రాశారు. తమ పాత లెక్కను తామే దించుకున్న పరిశోధకులను నేను ఎక్కువగా నమ్ముతాను.

లాభం 0.2 అంటున్నారు. అది చాలా చిన్నది కదా?

వయసును బట్టి చూడాలి. ప్రామాణిక పరీక్షల్లో మామూలు పిల్లలు ఏడాదికి ఎంత ఎదుగుతారో క్యారొలిన్ హిల్, హోవర్డ్ బ్లూమ్ తదితరులు 2008లో లెక్కకట్టారు. ఒకటి నుంచి రెండో తరగతికి ఎదుగుదల 0.97. ఏడు నుంచి ఎనిమిదికి 0.26. తొమ్మిది నుంచి పదికి 0.19. అంటే తొమ్మిదో తరగతి పిల్లవాడికి 0.2 అదనంగా రావడం దాదాపు ఇంకో ఏడాది చదువుతో సమానం. చిన్నపిల్లల ప్రయోగాల్లో వచ్చే పెద్ద అంకెలతో పోల్చి హైస్కూల్ ఫలితాలను తీసిపారేయకూడదు.

## ఇంతకీ వాళ్లు ఏం చెప్పారు?

క్లాసులో ఏం చేయమంటున్నారు? తేలికగా చెప్పండి.

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

2008 పుస్తకం క్లాసులోని పిల్లలందరి కోసం. అందులో ఐదు సిఫారసులున్నాయి. పదాల అర్థాలను నేరుగా నేర్పడం, చదివింది అర్థం చేసుకునే పద్ధతులను దాచుకోకుండా చేసి చూపించడం, బాగా వెనకబడినవాళ్లకు శిక్షణ పొందిన వ్యక్తి చేత విడిగా గట్టి సాయం అందించడం: ఈ మూడింటికీ బలమైన సాక్ష్యం ఉంది. పాఠం మీద లోతుగా చర్చ పెట్టడం, చదవాలన్న ఆసక్తి పెంచడం: ఈ రెండింటికీ ఓ మోస్తరు సాక్ష్యం.

2022 పుస్తకం, అంటే మొదట్లో చెప్పిన షారన్ వాన్ బృందం నివేదిక, వెనకబడిన పిల్లల కోసం. మొదటి మాట పొడవైన పదాల గురించి. ఆరో తరగతిలో ఆగిపోయే పిల్లల్లో చాలామందికి చిన్న పదాలు వస్తాయి, పెద్ద పదం రాగానే ఊహించి చదివేస్తారు. పదాన్ని ముక్కలు చేసి, ముక్కముక్కగా చదివి, కలిపి పలికే ఒక క్రమాన్ని రోజూ అలవాటు చేయాలి. స్పెల్లింగ్ కూడా పక్కనే నేర్పాలి.

రెండోది ధారాళంగా చదవడం. ఒకే పేరాను మళ్లీ చదివించవచ్చు, కానీ ప్రతిసారీ ఒక కారణం ఉండాలి. మొదటిసారి తప్పుల్లేకుండా, రెండోసారి ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి, మూడోసారి విరామాలు పాటిస్తూ ఎదుటివాళ్లకు వినిపించడానికి. ఉట్టినే "మళ్లీ చదువు" అంటే పదమూడేళ్ల పిల్లవాడు దాన్ని శిక్ష అనుకుంటాడు.

మూడోది అర్థం చేసుకోవడం. పాఠానికి ముందు కాస్త విషయం చెప్పాలి. చదువుతూ ప్రశ్నలు వేసుకోవడం నేర్పాలి. ఎక్కడ అర్థం కాలేదో తానే పట్టుకుని వెనక్కి వెళ్లి చదవడం నేర్పాలి. పేరా సారాంశాన్ని ఒక్క వాక్యంలో చెప్పించడం ఇందులో నాకు బాగా ఇష్టమైన పని. ఈ పేరా ఎవరి గురించి, లేదా దేని గురించి? దాని గురించి చెప్పిన ముఖ్యమైన సంగతేంటి? ఈ రెండూ కలిపి వాక్యం చేయాలి. సోషల్ పుస్తకంలో ధవళేశ్వరం ఆనకట్ట పేరా ఉందనుకోండి. "1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల గోదావరి డెల్టా పొలాలకు నీళ్లు అందాయి" అని పిల్లవాడు తన మాటల్లో చెప్పగలిగితే పేరా అర్థమైనట్టే. కాటన్ దొర పుట్టిన ఊరు, ఆనకట్ట పొడవు అన్నీ ఏకరువు పెట్టాడంటే ఏది ముఖ్యమో తెలియలేదన్నమాట.

నాలుగోది, టీచర్ పక్కన ఉండగా పిల్లవాడి స్థాయికి కొంచెం పైనున్న పాఠాన్ని ముక్కలుగా చదివించడం. దీనికి ఓ మోస్తరు సాక్ష్యమే ఉంది. అయినా వదలొద్దంటాను. ఎప్పుడూ తేలిక పాఠాలే ఇస్తే పిల్లవాడికి పెద్ద విషయాలు ఎన్నటికీ ఎదురుకావు.

రోజూ ఒక పీరియడ్ ఎవరికి వాళ్లు నిశ్శబ్దంగా చదువుకోమంటే సరిపోదా?

బాగా చదవగలిగే పిల్లలకు అది హాయి. వెనకబడినవాళ్లకు అదొక్కటే చాలదు. నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో దీన్ని ప్రత్యేకంగా చూసింది. పెద్దవాళ్లు వింటూ సరిదిద్దుతుండగా పైకి చదివించడం పనిచేస్తుందని తేలింది. నిశ్శబ్ద పఠనం ధారాళతను పెంచుతుందని చెప్పడానికి చాలినంత సాక్ష్యం దొరకలేదు. హాని చేస్తుందని వాళ్లు అనలేదు. చదవలేని పిల్లవాడు పుస్తకం ముందు పెట్టుకుని నలభై నిమిషాలు పేజీలు తిప్పడం మీరూ చూసే ఉంటారు.

కొందరు చూసి, కొందరు విని నేర్చుకుంటారట. దాన్ని బట్టి నేర్పాలా?

అవసరం లేదు. హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో ఈ వాదాన్ని పరిశీలించి, శైలికి తగ్గట్టు నేర్పితే లాభం ఉంటుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

నేను సైన్స్ టీచర్‌ని. చదవడం నేర్పడం నా పనా? అది తెలుగు మాస్టారి పని కదా?

ఇంగ్లండ్‌లోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ హైస్కూళ్ల కోసం ఇచ్చిన ఏడు సిఫారసుల్లో మొదటిదే మీ గురించి. ప్రతి సబ్జెక్టుకూ తనదైన చదివే పద్ధతి ఉంటుంది, దాన్ని ఆ సబ్జెక్టు టీచరే నేర్పాలి అంటుంది. సైన్స్ పాఠంలో బొమ్మనూ వాక్యాన్నీ కలిపి చదవాలి. చరిత్రలో ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగాలి. లెక్కల సమస్యలో "కనీసం", "మించకుండా" అన్న చిన్న మాటలు జవాబునే మార్చేస్తాయి. ఇవి తెలుగు మాస్టారు ఎలా చెబుతారు?

అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికి అక్షరాలు నేర్పడం మాత్రం మీ భారం కాదు. దానికి శిక్షణ ఉన్నవాళ్లు, విడిగా టైమ్ కావాలి.

చదవడం వస్తుంది, కానీ అర్థం కాదంటాడు. ఎందుకు?

కారణాలు చాలా ఉండొచ్చు. తరచుగా పట్టించుకోనిది విషయ పరిజ్ఞానం. రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు 1988లో 64 మంది ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత బేస్‌బాల్ ఆట గురించిన పేరా చదివించారు. బేస్‌బాల్ బాగా తెలిసి చదవడంలో వెనకబడ్డ పిల్లలు, బాగా చదువుతూ ఆ ఆట తెలియని పిల్లల కంటే మెరుగ్గా గుర్తుపెట్టుకున్నారు. మన పిల్లలకు క్రికెట్ వార్త ఇచ్చి చూడండి, తేడా కనిపిస్తుంది. పాఠానికి ముందు పది నిమిషాలు విషయం చెప్పడం వృథా కాదు.

## కొనేముందు, చేర్పించేముందు

యాప్ మీద "రీసెర్చ్ బేస్డ్" అని రాసుంది. నమ్మొచ్చా?

ఆ రెండు మాటలు చూసి డబ్బు కట్టకండి. పరిశోధనలో వచ్చిన ఏదో ఒక ఆలోచన వాడుకున్నా ఆ మాట రాసుకోవచ్చు. మీరు అడగాల్సింది, ఇదే యాప్‌ను పిల్లల మీద పరీక్షించారా, ఎవరు పరీక్షించారు, పోలికకు ఇంకో గుంపు ఉందా అని. క్లియరింగ్‌హౌస్ సమాచారాన్నే తీసుకుని 2020లో చేసిన ఒక విశ్లేషణలో, తయారీదారులు చేసిన లేదా చేయించిన అధ్యయనాల్లో లాభం బయటివాళ్లు చేసినవాటి కంటే బాగా ఎక్కువగా కనిపించింది.

ఒక్క ప్రయోగం కూడా చాలదు. యాక్సిలరేటెడ్ రీడర్ అనే కార్యక్రమం ఇంగ్లండ్‌లో 2015లో ఒక చిన్న ప్రయోగంలో మూడు నెలల అదనపు ప్రగతి చూపించింది. ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద ఎత్తున చేసిన ప్రయోగం ఫలితం 2021లో వచ్చింది. అందులో అదనపు ప్రగతి సున్నా.

ఏడాది కోర్సు చేయిస్తే వెనకబాటు మొత్తం పోతుందా?

అలా హామీ ఇచ్చేవాళ్లను నమ్మొద్దు. అమెరికాలో 34 హైస్కూళ్లలో రెండు నుంచి ఐదేళ్లు వెనకబడిన తొమ్మిదో తరగతి పిల్లలకు లాటరీ తీసి, ఏడాది పాటు వారానికి కనీసం 225 నిమిషాల చదువు క్లాసు పెట్టారు. లాభం వచ్చింది, కానీ అర్థం చేసుకునే పరీక్షలో అది 0.09 మాత్రమే. ఏడాది చివర కూడా నలుగురిలో ముగ్గురు రెండేళ్లో అంతకంటే ఎక్కువో వెనకబడే ఉన్నారు. పైతరగతికి వెళ్లాక ఆ కాస్త లాభం కూడా నిలవలేదు.

ఈ ఫలితం చూసి నిరాశపడాల్సిన పనిలేదు. ఐదేళ్ల వెనకబాటుకు ఒక ఏడాది, ఒక పీరియడ్ చాలవని అది చెబుతోంది. సాయం ఏళ్ల తరబడి కొనసాగాలి. మధ్యలో ఆపేస్తే పెట్టిన శ్రమ కరిగిపోతుంది.

అమెరికాలో క్లియరింగ్‌హౌస్‌ను మూసేశారని విన్నాను. వాళ్ల నివేదికలు ఇంకా పనికొస్తాయా?

2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం, క్లియరింగ్‌హౌస్‌ను నడిపే విద్యా పరిశోధనా విభాగపు కాంట్రాక్టులు పెద్దసంఖ్యలో రద్దు చేసింది. తర్వాత సిబ్బందిని కూడా బాగా తగ్గించింది. కొత్త సమీక్షలకు అది పెద్ద దెబ్బ. అచ్చయిన మార్గదర్శకాల విలువ మాత్రం తగ్గలేదు. 2008, 2022 పుస్తకాలు ఉచితంగా విడుదల చేసినవే. దించుకుని దాచుకోండి.

## మన పిల్లల విషయానికి వస్తే

ఇంగ్లిష్ మీద చేసిన పరిశోధన తెలుగుకు వర్తిస్తుందా?

కొంత వర్తిస్తుంది, కొంత వర్తించదు. అర్థం చేసుకునే పద్ధతులు, పదసంపద, చర్చ, పేరా సారాంశం చెప్పించడం లాంటివి ఏ భాషలోనైనా ప్రయత్నించదగ్గవే.

అక్షరాల దగ్గర దారి వేరు. ఇంగ్లిష్‌లో ఇరవయ్యారు అక్షరాలే కానీ పలకడం గందరగోళం. తెలుగులో రాసినట్టే పలుకుతాం, కానీ గుణింతాలు, ఒత్తులు కలిపితే నేర్వాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. సోనాలి నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధనలో ఈ నేర్పు మొదటి ఒకటి రెండు తరగతుల్లో ముగియదని, పై ప్రాథమిక తరగతుల దాకా సాగుతుందని తేలింది. కన్నడ లిపికీ మన లిపికీ ఉన్న దగ్గరితనం చూస్తే మనకూ ఇది వర్తిస్తుందనే అనుకోవాలి. కాబట్టి ఏడో తరగతి పిల్లవాడికి సంయుక్తాక్షరాలు తడబడుతుంటే ఆశ్చర్యపడకుండా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పెద్ద పదాలు విడగొట్టే పద్ధతి తెలుగుకు ఇంకా బాగా నప్పుతుందని నా అభిప్రాయం. "విద్యుదయస్కాంతత్వం" అన్న మాట చూసి బెదిరిపోయే పిల్లవాడికి విద్యుత్, అయస్కాంత, త్వం అని మూడు ముక్కలు చేసి చూపిస్తే చదవడమూ వస్తుంది, అర్థమూ సగం తెలుస్తుంది.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ మీడియం. ఈ పిల్లలకు ఏమైనా చెప్పారా?

ఇంట్లో వేరే భాష మాట్లాడుతూ ఇంగ్లిష్‌లో పాఠాలు చదివే ఎనిమిదో తరగతి వరకు పిల్లల కోసం క్లియరింగ్‌హౌస్ 2014లో ఒక పుస్తకం ఇచ్చింది. అది అమెరికాలోని వలస కుటుంబాల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసింది. చుట్టూ ఇంగ్లిష్ వినిపించే వాతావరణం మన ఊళ్లలో లేదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

అందులో బలమైన సాక్ష్యం ఉన్న మొదటి మాట, కొద్దిపాటి పాఠ్యపదాలను ఎంచుకుని వాటి మీదే కొన్ని రోజులపాటు రకరకాలుగా పనిచేయించమని. రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టించడానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. అనలైజ్, ఎవిడెన్స్, కంపేర్ లాంటి మాటలు అన్ని సబ్జెక్టుల్లోనూ వస్తాయి, వాటితో మొదలుపెట్టండి. రెండో మాట, సైన్స్, సోషల్ క్లాసుల్లోనే ఇంగ్లిష్ మాట్లాడించడం, రాయించడం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ముందు తెలుగు పేజీతో విషయం అర్థం చేయించి తర్వాత ఇంగ్లిష్ పేజీకి వెళ్లడానికి అవి చక్కగా పనికొస్తాయి.

క్లాసులో యాభై మంది, ఒక్కొక్కరిది ఒక్కో స్థాయి. ఇవన్నీ సాధ్యమేనా?

అన్నీ ఒకేసారి సాధ్యం కాదు. మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం దీనికి దగ్గరగా ఉంది. ఢిల్లీలో ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిది తరగతులు చదువుతున్న పిల్లలకు లాటరీ తీసి, బడి అయ్యాక మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమంతో పాటు చిన్న గుంపుల్లో ట్యూషన్ ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం నాలుగున్నర నెలల్లో హిందీలో 0.23, లెక్కల్లో 0.37 లాభం వచ్చింది. పిల్లవాడు ఏ క్లాసులో ఉన్నాడని చూడకుండా ఏ స్థాయిలో ఉన్నాడో అక్కడి నుంచి నేర్పడం ఇందులోని కీలకం. కంప్యూటర్లు లేకపోయినా ఇది మొదలుపెట్టొచ్చు. వారానికి కొన్ని పీరియడ్లు తరగతులు కలిపేసి, చదివే స్థాయిని బట్టి గుంపులు చేయండి.

మేం టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఆరో గ్రేడ్. స్కూల్ వాళ్లు మీటింగ్‌కి రమ్మన్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం అడగాలి?

ముందుగా, తనకు ఇబ్బంది ఎక్కడ ఉందో అడగండి: పదాలు చదవడంలోనా, వేగంలోనా, అర్థం చేసుకోవడంలోనా? ఏ పరీక్షతో తెలుసుకున్నారు? "రీడింగ్‌లో బిలో గ్రేడ్ లెవెల్" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోవద్దు. మూడింటికీ చేయాల్సిన సాయం వేరు.

తర్వాత ఏ కార్యక్రమం పెడుతున్నారు, దానికి ఆధారమేంటి అని అడగండి. 2015 నాటి ఫెడరల్ విద్యా చట్టం సాక్ష్యాన్ని నాలుగు మెట్లుగా విడదీసింది. బలమైనది, ఓ మోస్తరుది, ఆశాజనకమైనది, కేవలం తర్కం మీద నిలబడినది. "ఇది ఏ మెట్టు?" అన్నది స్కూల్ వాళ్లకు బాగా తెలిసిన ప్రశ్నే. వారానికి ఎన్ని రోజులు, ఎన్ని నిమిషాలు, గుంపులో ఎంతమంది, నేర్పేవాళ్లకు ఏ శిక్షణ ఉంది, ఎన్ని వారాలకోసారి మళ్లీ కొలుస్తారు అన్నవి రాసుకుని వెళ్లండి.

డిస్లెక్సియా (పదాలు చదవడంలో, స్పెల్లింగ్‌లో ఎప్పుడూ వెంటాడే ఇబ్బంది) అనుమానం ఉంటే మూల్యాంకనం చేయమని లిఖితపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. ఐఈపీ (ప్రత్యేక సాయం అవసరమైన పిల్లల కోసం స్కూల్ రాసే వ్యక్తిగత ప్రణాళిక) మీటింగ్‌లో భాష ఇబ్బందైతే దుబాసీని ఏర్పాటు చేయమని కూడా అడగొచ్చు. "ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేయండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంట్లో తెలుగులో కథలు, కబుర్లు, సినిమా గురించి వాదనలు మానకండి. ఆ మాటల్లో తనకు దొరికే లోకజ్ఞానం ఇంగ్లిష్ పాఠం చదివేటప్పుడు కూడా అక్కరకొస్తుంది.